చెరువు ఒడ్డున ఒక రాత్రి: తక్కువ ఖర్చులో ఏ చోటు, ఏ టెంటు?

శనివారం హైదరాబాద్‌లో బయల్దేరి, నీళ్ల పక్కన టెంటు వేసుకుని పడుకుని, ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కరెంటు ఉండదు, నల్లా ఉండదు, బాత్రూం ఉండదు. మన టెంటు మనమే వేసుకోవాలి, మన చెత్త మనమే వెనక్కి తెచ్చుకోవాలి. నేను అడిగి చూసిన ప్యాకేజీ క్యాంపుల్లో మనిషికి వెయ్యి నుంచి రెండు వేల దాకా చెప్పారు. నలుగురు వెళ్తే ఒక్క రాత్రికే ఆరేడు వేలు అవుతుంది. ఆ డబ్బుతో సొంత సామాను వచ్చేస్తుంది, జాగ్రత్తగా వాడితే ఏళ్ల తరబడి ఉంటుంది.

అయితే ఆ డబ్బు దేని మీద ఎంత పెట్టాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. అందరి చూపూ టెంటు మీదే ఉంటుంది. నేను మాత్రం మొదట చోటు చూడమంటాను, తర్వాత ఒంటి కింద ఏం పరుచుకుంటారో చూడమంటాను, టెంటు సంగతి ఆ తర్వాత. ఎందుకంటే మా మొదటి రాత్రి టెంటు నిలబడే ఉంది, మేమే నిలవలేకపోయాం. అది డిసెంబరు. అద్దెకు తెచ్చిన ఒంటి పొర టెంటు, కింద పలచటి చాప, పైన దళసరి రగ్గులు. రాత్రి రెండు దాటాక వీపు కింద నేల చల్లబడి ఒళ్లంతా బిగుసుకుపోయింది. మూడింటికి టెంటు పైకప్పు లోపలి నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు కారడం మొదలైంది. తొమ్మిదేళ్ల మా అబ్బాయి వణుకుతూ లేచి కూర్చున్నాడు. ముగ్గురం కారులోకి వెళ్లి తెల్లారేదాకా కూర్చున్నాం. ఆ రాత్రి తర్వాత నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నది.

కోట్‌పల్లి, సోమశిల, లక్నవరం

ఈ మూడింటినీ ఎంచుకోవడానికి కారణం, ఇవి మూడు వేర్వేరు రకాల నీళ్లు కావడమే. ఒకటి అడవి అంచున ఉన్న చిన్న ప్రాజెక్టు, ఒకటి కృష్ణ వెనుక జలాలు, ఒకటి కాకతీయుల నాటి చెరువు.

ముందు పెట్రోలు లెక్క చూద్దాం. బడ్జెట్ ట్రిప్పులో టెంటు కంటే ఇదే పెద్ద ఖర్చు. కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, రానూ పోనూ సుమారు 200 కిలోమీటర్ల కోట్‌పల్లికి 13 లీటర్లు, సుమారు 360 కిలోమీటర్ల సోమశిలకు 24 లీటర్లు, 440 దాకా వచ్చే లక్నవరానికి 29 లీటర్లు పడుతుంది. కోట్‌పల్లి, లక్నవరం మధ్య తేడా 16 లీటర్లు. ఆ ఒక్క తేడాతో ముగ్గురికి కింద పరుచుకునే ఫోమ్ మ్యాట్‌లు వచ్చేస్తాయి.

కోట్‌పల్లి వికారాబాద్ జిల్లాలో, అనంతగిరి కొండలకు దగ్గర్లో ఉంది. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. కారు లేనివాళ్లకు ఈ మూడింటిలో సులువైనది ఇదే. సికింద్రాబాద్ నుంచో లింగంపల్లి నుంచో రైలెక్కి వికారాబాద్ జంక్షన్‌లో దిగి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటో అతనితో ముందే ఖాయం చేసుకుని ఫోన్ నంబరు తీసుకోండి. పగలు కయాకింగ్ ఉంటుంది, శని ఆదివారాల్లో జనం బాగా వస్తారు. ఏకాంతం కోసం వెళ్తే నిరాశే. ఇంకో మాట: కట్ట మీదనో, అడవి వైపు ఒడ్డునో రాత్రి టెంటు వేస్తే లేపేస్తారు, లేపేయడం న్యాయం కూడా. చుట్టుపక్కల ఊళ్లలో పొలాలున్న రైతులను అడిగి, వాళ్ల చేను గట్టునో తోటలోనో వేసుకోవడం మంచిది. నీళ్లు కొంచెం దూరమైనా ఫర్వాలేదు. పొద్దున్నే నడుచుకుంటూ వెళ్లి చూసిన చెరువు ఇంకా బాగుంటుంది.

సోమశిల అనగానే నెల్లూరు జిల్లాలో పెన్నా మీద ఉన్న ప్రాజెక్టు అనుకోవద్దు. నేను చెప్పేది నాగర్‌కర్నూల్ జిల్లాలో, కొల్లాపూర్ దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు గురించి. జడ్చర్ల, నాగర్‌కర్నూల్ మీదుగా వెళ్లాలి. శ్రీశైలం జలాశయం వెనుక జలాలు ఇక్కడి దాకా వస్తాయి. అవతలి ఒడ్డు నంద్యాల జిల్లా. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరం గుడి అటువైపే ఉంది. ఈ మూడింటిలో నా మనసుకు దగ్గరైన చోటు ఇదే. ఒడ్డు పొడవుగా ఉంటుంది, చేపలు పట్టేవాళ్ల ఊరు కాబట్టి పడవలు, వలలు, తెల్లవారుజామున మాటలు వినిపిస్తాయి. సాయంత్రం అడిగితే తాజా చేప దొరుకుతుంది. రాత్రి ఏదైనా తేడా వస్తే తలదాచుకోవడానికి ఊరు పక్కనే ఉంటుంది, పర్యాటక శాఖ కాటేజీలు కూడా ఉన్నాయి. ఇదంతా ప్లస్ పాయింటే.

మైనస్ ఒకటుంది, అది చిన్నది కాదు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పైనుంచి వరద వస్తున్నప్పుడు నీటి మట్టం ఒక్క రోజులోనే అడుగుల్లెక్కన పెరగొచ్చు. సాయంత్రం పది అడుగుల దూరంలో ఉన్న నీళ్లు పొద్దున టెంటు గుమ్మంలో ఉంటాయి. కృష్ణకు వరద ఉందని వార్తల్లో విన్న వారం సోమశిల వెళ్లొద్దు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అయితే మట్టం నెమ్మదిగా తగ్గుతూ ఉంటుంది. అప్పుడు నీళ్లు దగ్గరికి వచ్చే భయం కంటే, ఆరీ ఆరని బురదలో కాలు దిగబడే ప్రమాదమే ఎక్కువ.

లక్నవరం ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో ఉంది. కొండల మధ్య సందులు మూసి కాకతీయులు నిలిపిన నీళ్లవి, మధ్యలో దీవులు, వాటికి వేలాడే వంతెన. అందంలో మిగతా రెండూ దీని ముందు నిలవవు. కానీ ఇది పర్యాటక శాఖ చూసుకునే చోటు. రాత్రి ఉండాలంటే వాళ్ల ఏర్పాటులో ఉండాలి తప్ప, నచ్చిన ఒడ్డున మన టెంటు వేస్తామంటే కుదరదు. చుట్టూ అడవి. అందుకని దీన్ని 'మన టెంటు, మన రాత్రి' లెక్కలోంచి తీసేయమంటాను. అమ్మానాన్నలతోనో, చంటిపిల్లలతోనో వెళ్తే మాత్రం ఇదే సరైనది. బాత్రూం ఉంటుంది, భయం ఉండదు, అదే జిల్లాలో ఉన్న రామప్ప గుడి కూడా చూసి రావచ్చు.

పాకాల, పోచారం, మంజీర బాగుంటాయని ఎవరైనా చెబితే, పగలు వెళ్లి చూసి రండి. మూడూ వన్యప్రాణి అభయారణ్యాలే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడమే తప్పు, రాత్రి ఉండడం సంగతి చెప్పక్కర్లేదు. పైగా మంజీరలో మొసళ్లున్నాయి.

మూడు మాటల్లో చెప్పాలంటే, మొదటిసారి వెళ్లేవాళ్లకు కోట్‌పల్లి చుట్టుపక్కల రైతు పొలం, రెండోసారికి సోమశిల, పెద్దవాళ్లతో అయితే లక్నవరం.

ఎవరినడగాలి, ఎక్కడ వేయాలి

మన చెరువులు ఎవరిదీ కాని చోట్లు కావు. కట్ట నీటిపారుదల శాఖది, చేప మీద హక్కు మత్స్య సహకార సంఘానిది, నీళ్లు తగ్గాక బయటపడే శిఖం భూమిలో ఎవరో ఒకరు పంట వేసి ఉంటారు. కాబట్టి చీకటి పడకముందే, నాలుగింటికల్లా ఊళ్లోకి చేరుకుని సర్పంచ్‌నో, పంచాయతీ ఆఫీసులో ఉన్నవాళ్లనో, చెరువు దగ్గర వలలు సర్దుకుంటున్న పెద్దమనిషినో అడగండి. "అన్నా, ఈ రాత్రికి ఇక్కడ టెంటు వేసుకుంటం, పొద్దున్నే పోతం, చెత్త ఏం వదలం" అంటే కాదన్నవాళ్లు నాకు తక్కువే ఎదురయ్యారు. కాదంటే అక్కడి నుంచి మారు మాట లేకుండా వచ్చేయాలి. రైతు పొలంలో ఉంటే రెండు మూడు వందలు చేతిలో పెట్టండి. ఊరివాళ్లకు తెలిసి ఉండడమే ఆ రాత్రికి మన కాపలా. ఆడవాళ్లు మాత్రమే వెళ్తున్నప్పుడు ఇది మరీ ముఖ్యం. అలాంటప్పుడు నిర్జనమైన ఒడ్డు కంటే ఇంటి ముంగిట చేను నయం.

చోటు ఎంచుకునేటప్పుడు మత్తడి ఎక్కడుందో, తూము ఎక్కడుందో ముందు చూడండి. మత్తడి అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు, ఆంధ్రలో అలుగు అంటారు. మత్తడి దిగువన, కాలువ లోపల ఎండిన ఇసుక ఎంత మెత్తగా ఉన్నా పడుకోవద్దు. ఒడ్డు మీద ఎండిన గడ్డి, పుల్లలు, ప్లాస్టిక్ ఒక గీతలా పేరుకుని ఉంటాయి. నీళ్లు అక్కడి దాకా వచ్చాయని ఆ గీత చెబుతుంది. దానికి పైనే ఉండాలి. శిఖంలో నల్లరేగడి పగుళ్లు వేసి ఉంటే ఆ పగుళ్లు పాములకూ తేళ్లకూ ఇళ్లు. చెట్టు కిందనే వేద్దామనుకుంటే పైకి చూసి ఎండిన కొమ్మలు లేని చెట్టు చూసుకోండి. ఇక సర్కారు తుమ్మ ఉన్న చోట టెంటు పరిచే ముందు చీపురో కొమ్మో పెట్టి రెండుసార్లు ఊడవండి. ఆ ముల్లు చెప్పులోంచి కూడా దిగుతుంది, టెంటు అడుగు ఒక లెక్కా?

టెంటు: కొనాలా, అద్దెకా, అసలు అక్కర్లేదా?

అన్నిటికన్నా చవకది దోమతెర, టార్పాలిన్. ఇంట్లో ఉన్నవే సరిపోతాయి, గాలి బాగా ఆడుతుంది, నక్షత్రాలు కనిపిస్తాయి. కానీ దీనికి అడుగు ఉండదు. మన దగ్గర కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది, కాటు నొప్పి కూడా ఒక్కోసారి తెలియదు. మంచె మీదో మంచం మీదో పడుకుని, తెర అంచులు పరుపు కిందికి దోపుకునే వీలుంటే దోమతెర మంచిదే. నేల మీద అయితే అడుగు కుట్టేసి, జిప్పు పూర్తిగా పడే టెంటే కావాలి. టెంటు మీద పెట్టే డబ్బులో సగం ఆ జిప్పుకే పెడుతున్నామనుకోండి.

అద్దె టెంటు రాత్రికి మూడు వందల నుంచి ఐదు వందల మధ్య దొరుకుతుంది. మంచి ఇద్దరు ముగ్గురు పట్టే డోమ్ టెంటు రెండు నుంచి మూడున్నర వేల మధ్యలో వస్తుంది. ఏడాదికి ఒకసారి వెళ్లేవాళ్లకు అద్దె చాలు. ఏడాదికి మూడుసార్లు వెళ్తామనుకుంటే మూడో ఏడు పూర్తయ్యేసరికి కొన్నదే చవక. నా సలహా, మొదటి రెండుసార్లూ అద్దెకు తీసుకోండి. కుటుంబంలో అందరికీ నచ్చిందో లేదో తేలాక కొనండి. కానీ అద్దెది తెచ్చేటప్పుడు అక్కడే విప్పించి నిలబెట్టి చూడాలి. జిప్పులు మొదలు నుంచి చివరి దాకా లాగాలి, కడ్డీలు పగిలాయేమో తడమాలి, మేకులు లెక్కపెట్టాలి.

ఏది తీసుకున్నా రెండు పొరలున్నదే తీసుకోండి. లోపల జాలీ గుడ్డ, దాని మీద విడిగా పరిచే వాన గుడ్డ. మనం రాత్రంతా వదిలే ఊపిరిలో తేమ ఉంటుంది, చెరువు గాలిలో తేమ ఎటూ ఉండనే ఉంది. మబ్బు లేని చలికాలపు రాత్రి టెంటు గుడ్డ బాగా చల్లబడి, ఆ తేమంతా దాని మీద నీళ్లుగా పడుతుంది. ఒంటి పొర అయితే ఆ నీళ్లు మన మీదే కారతాయి. రెండు పొరలుంటే పై గుడ్డ లోపలి వైపు పట్టి పక్కలకు జారిపోతాయి. మా మొదటి రాత్రి జరిగింది ఇదే. చలి వేస్తోందని అన్ని కిటికీలూ బిగించుకోవడంతో ఇంకా ఎక్కువైంది. చలిగా ఉన్నా పైన గాలి దారి కొంచెం తెరిచే ఉంచాలి.

విసిరేస్తే తనంతట తానే విచ్చుకునే పాప్-అప్ టెంటు పిల్లలకు భలే నచ్చుతుంది. కానీ మడిస్తే పెద్ద పళ్లెంలా ఉంటుంది, బస్సులో రైల్లో మోయలేం. చవకవి చాలావరకు ఒంటి పొరవే. చెరువు మీద నుంచి వీచే గాలికి ఆగవు కూడా. కారు ఉండి, మార్చి నెల పగటి నీడ కోసం అయితే సరే. 'ఇద్దరికి' అని రాసిన టెంటులో ఇద్దరు పడుకుంటే బ్యాగు పెట్టే చోటు ఉండదు. ఇద్దరికి ముగ్గురిది, ముగ్గురికి నలుగురిది తీసుకోండి. వాన గుడ్డ ఎంత నీటి ఒత్తిడికి ఆగుతుందో చెప్పడానికి వాటర్ కాలమ్ అని 1500, 2000 ఎం.ఎం. అంకెలు రాస్తారు. శీతాకాలానికి 1500 ధారాళంగా సరిపోతుంది, ఆ తేడాకు డబ్బు పెట్టక్కర్లేదు.

టెంటుతో వచ్చే సన్నటి మేకులు మన నేలల్లో పనికి రావు. ఎండిన రేగడిలో దిగవు, మొరం నేలలో వంగిపోతాయి, తడి ఒడ్డున ఊడి వస్తాయి. ఇనుప సామాన్ల షాపులో జానెడు మేకులు ఎనిమిది కొనుక్కోండి. దిగని చోట పెద్ద రాళ్లకు తాళ్లు కట్టండి, ఇసుకలో అయితే సంచుల్లో ఇసుక నింపి పాతి వాటికి కట్టండి.

పరుపు సంగతి

టెంటు మీద వెయ్యి తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం తగ్గించొద్దు. ఒంటి వేడిని నేల లాక్కుంటూనే ఉంటుంది. పైన ఎన్ని కప్పుకున్నా అటువైపు ఆపలేం. వికారాబాద్ వైపు డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల దాకా పడిపోతుంటాయి.

గాలి పరుపు మెత్తగానే ఉంటుంది. కానీ లోపలి గాలి చల్లబడి అటూ ఇటూ కదులుతూ వీపుకు చలి తగిలిస్తుంది, ఒక్క తుమ్మ ముల్లు చాలు దాని పని అయిపోవడానికి. మూడు నాలుగు వందలకు దొరికే చుట్టచుట్టుకునే ఫోమ్ మ్యాట్ చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ ఆ రాత్రిని నిలబెట్టేది అదే. పది ఎం.ఎం. మందం ఉన్నది చూసుకోండి. దాని మీద ఇంట్లోని బొంత ఒకటి మడిచి వేస్తే పెద్దవాళ్లు కూడా సుఖంగా పడుకుంటారు. కారులో వెళ్తే ఇంటి పరుపే వేసుకుపోండి, మొహమాటం ఎందుకు?

కప్పుకోవడానికి స్లీపింగ్ బ్యాగు కొనాలా అని అందరూ అడుగుతారు. వెయ్యి, పదిహేను వందలకు వచ్చేవి పది పదిహేను డిగ్రీల చలికి పనికొస్తాయి, బరువు తక్కువ. వీపున మోసుకుని నడిచేవాళ్లు కొనుక్కోవచ్చు. మిగతావాళ్లకు నేను గొంగడి చెబుతాను. పాలమూరు వైపు కురుమలు దక్కని గొర్రె ఉన్నితో నేసిన అసలు గొంగడి మీ ఇంట్లో తాతల నాటిది ఉంటే అటక మీద నుంచి దింపండి. ఉన్ని కాబట్టి కాస్త తడిసినా వెచ్చదనం పోదు. కొత్తది కొన్నా చాలా కాలం ఉంటుంది, నేసినవాళ్లకు అన్నం పెడుతుంది. తలకు మంకీ టోపీ, కాళ్లకు పొడి సాక్సులు మర్చిపోకండి. ఆ సాక్సులు పడుకునే ముందే తొడగాలి, సాయంత్రమంతా తొడిగి తిరిగినవి చెమటకు తడిసి ఉంటాయి.

నీళ్లు, తిండి, మిగతావి

చెరువు నీళ్లు తాగొద్దు. మనిషికి నాలుగు లీటర్ల లెక్కన ఇంటి నుంచే క్యాన్‌లో పట్టుకెళ్లండి. ఈత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రాజెక్టుల్లో ఒడ్డు మెత్తగా మొదలై ఉన్నట్టుండి లోతవుతుంది, అడుగున బురద కాలు పట్టేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా దిగొద్దు. పిల్లలు నీళ్ల అంచుకు వెళ్తే పెద్దవాళ్లు ఒకరు పక్కనే ఉండాలి.

వంట విషయంలో, రైల్లో వెళ్తుంటే ఎంపికే లేదు. గ్యాస్ సిలిండరు, స్టవ్ రైల్లో తీసుకెళ్లకూడదు, చిన్న డబ్బా అయినా సరే. పులిహోర, చపాతీలు, ఉడకబెట్టిన గుడ్లు, పొద్దునకు అటుకులు, ఫ్లాస్కులో చాయ్. ఒక్క రాత్రికి ఇంతకంటే ఏం కావాలి? కారులో అయితే చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకోండి. కట్టెల మంట చాలామందికి ఇష్టం, కానీ రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం, ఎండుగడ్డి ఉన్న ఒడ్డున ప్రమాదం. రైతు అనుమతి ఇచ్చిన చోట, రాళ్లు పేర్చి, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని చిన్నగా వేసుకోవచ్చు. ఎంత చలి వేసినా స్టవ్ గానీ, నిప్పుల కుంపటి గానీ టెంటు లోపల పెట్టకండి. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

బహిర్భూమికి నీళ్లకు కనీసం డెబ్బై అడుగులు వేసినంత దూరం వెళ్లి, జానెడు లోతు గుంట తవ్వి మట్టి కప్పేయాలి. దానికి తోటపని తాపీ ఒకటి చాలు. రాత్రి బయటికి అడుగు పెట్టే ముందు టార్చి వేసి బూట్లు దులపండి. పాము కాటు అనుమానం వచ్చినా, దాని గుర్తులుగా ఎవరైనా కళ్లు మూతలు పడుతున్నాయన్నా, కడుపు నొప్పి అన్నా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. కోయడం, గట్టిగా కట్టడం, మంత్రం కోసం తిరగడం వద్దు. వికారాబాద్‌లో, కొల్లాపూర్‌లో, ములుగులో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. దారి ఎటో వెలుతురుండగానే చూసి పెట్టుకోండి. మీరున్న చోట సిగ్నల్ అందుతుందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

ఏ రాత్రి వెళ్లాలి

అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటే వాయిదా వేయండి. మిగిలిన శనివారాల్లో ఏది అన్నది పంచాంగం చూసి తేల్చుకోవచ్చు. పౌర్ణమికి రెండు మూడు రోజుల ముందు వెళ్తే పొద్దు గూకేసరికే చంద్రుడు పైన ఉంటాడు, నీళ్లంతా వెలుగే, టార్చి పెద్దగా అక్కర్లేదు. పిల్లలతో మొదటి రాత్రికి నేను ఇదే ఎంచుకుంటాను. అమావాస్య దగ్గర్లో అయితే చీకటి గట్టిగా ఉంటుంది, కానీ డిసెంబరు ఆకాశంలో కృత్తికలు, మృగశిర చేతికందేటంత దగ్గరగా కనిపిస్తాయి. డిసెంబరు 13, 14 తేదీల రాత్రుల్లో ఉల్కలు కూడా రాలుతాయి. వాటి కోసం వెళ్లేవాళ్లు నగరం దీపాలకు దూరంగా ఉండే సోమశిల వైపే వెళ్లండి, అర్ధరాత్రి తర్వాత బయట ఫోమ్ మ్యాట్ పరుచుకుని గొంగడి కప్పుకుని వెల్లకిలా పడుకోండి.